వంకర వరుసలు

వరూధిని టైపు చేస్తుంటే పక్క బల్ల మీద టీ కప్పులు అదిరేవి. 2003లో మహదేవపురలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, అందరూ కోడ్ రాసుకునే ఎడిటర్ అనే ప్రోగ్రాంను చూసుకునేది ఆమే. పొడుగు మనిషి. చున్నీ నడుముకు బిగించి, పళ్ళు కొరుకుతూ పనిచేసేది. కోడ్ వరుసలను లోపలికి జరపడానికి ఆమె ట్యాబ్ కీ కొట్టేది, ఎదుటి సీటులోని అమరనాథ్ స్పేస్‌బార్ నొక్కేవాడు. ట్యాబ్ వదిలే ఖాళీ ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, రెండూ కలిసిన ఫైలు అతని తెర మీద తిన్నగా ఉండేది, ఆమె తెర మీద చిందరవందరగా కనిపించేది. ఒక సాయంత్రం, ఆమె వారమంతా కూర్చుని సరిచేసిన ఫైలు మళ్ళీ వంకరపోయింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనేనక్కా. వంకరైతే ఏమైతాది? ప్రోగ్రాం నడస్తానే ఉండాది కదా," అని అమరనాథ్ నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే ఆమె కీబోర్డును వైరుతో సహా పీకి అతని నెత్తిన కొట్టింది. మళ్ళీ కొట్టింది. కీలు ఊడి నేలంతా చెదిరాయి. నుదుటి మీదుగా కారిన రక్తం అతని చొక్కా కాలరును తడిపేసింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ ఆమే. దారంతా చున్నీని గాయానికి అదిమిపట్టి, "కండ్లు మూయొద్దప్పా, మాట్లాడు" అంటూనే ఉంది.

అతని కుట్లు విప్పేలోపు ఆమె ఎడిటర్‌ను మార్చేసింది. ఇప్పుడది ఫైలులో మొదటినుంచీ ఉన్న పద్ధతి ట్యాబా, స్పేసా అని గుర్తుపట్టి, ఎవరు ఏ కీ నొక్కినా దాని ప్రకారమే వరుసను జరిపేది. "బాగుండాదక్కా," అన్నాడు అమరనాథ్, మనస్ఫూర్తిగానే. అతను పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు, సీటూ మారలేదు. కానీ ఆమె కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ అతని చెయ్యి దానంతటదే తల మీదికి పోయేది. అది చూసి ఆమె మళ్ళీ కూర్చుండిపోయేది.