మొగులైంది, నాయినా

మా సారు పోయారని మొన్న పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. "నిద్రల్నే పాణం పోయింది అక్కా. ఎవలకు తిప్పలు పెట్టలే" అంది. ఏడుపు రావాల్సిన చోట నాకు సిగ్గు ముంచుకొచ్చింది. నా చేత మొదటి వేషం కట్టించిన మనిషి ఆయన. ఆ సిగ్గు సంగతి దాచిపెట్టి ఆయన గురించి ఎంత రాసినా అది వట్టి పొగడ్తే అవుతుంది.

మోత్కూరు దగ్గర మా బడిలో ఆయన తెలుగు చెప్పేవారు. పాలమూరు వైపు మనిషి. తాను చదివిందంతా ఉర్దూలో, తెలుగు మాత్రం పట్టుబట్టి సొంతంగా నేర్చుకున్నారు. అందుకే పుస్తకాల తెలుగంటే ఆయనకు భక్తితో పాటు భయం కూడా. పాఠం మధ్యలో 'గట్ల' అనో 'గిదేంది' అనో నోరు జారితే తన చెంప తానే చిన్నగా వాయించుకునేవారు. మేమంతా పాఠం మానేసి ఆ దెబ్బ కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. బడి వదిలాక సారు వేరే మనిషి. మా ఇంటి ముందు సైకిల్ దిగి, "ఏం మామా, గొర్లు మంచిగున్నయా?" అంటూ మా బాపు పక్కన కూర్చుని బీడీ ముట్టించేవారు. అప్పుడు చెయ్యి చెంప మీదికి పోయేది కాదు.

కృష్ణ మీద ప్రాజెక్టు కడుతున్న కాలమది. వాన కోసం ఎదురుచూసే ఒక రైతు ఇంటి కథను సారు నాటకంగా రాస్తే, ప్రాజెక్టు కాలనీలో ఆడమని కబురొచ్చింది. అందులో కథానాయికకు పదహారేళ్లు. మా నాటకాల్లో కథానాయిక ఎప్పుడూ మా ఊరి దర్జీయే. నలభై దాటిన ఆయన మీసం తీసి ఓణీ వేసుకుంటే మా ఊళ్లో చెల్లింది కానీ, ఇంజనీర్ల ముందు చెల్లదనిపించి సారు నా కోసం వచ్చారు.

"ఏషాలు గట్టేటోళ్లమా సారూ మేము? రేపు పిల్లను ఎవడు జేసుకుంటడు?" అన్నాడు బాపు.

"నాకు బిడ్డ ఉంటే దాన్నే స్టేజి ఎక్కిద్దును. లేదాయె. నీ పిల్లను ఎవలన్న ఒక్క మాటంటే నన్నడుగు" అన్నారు సారు.

ఆ మాట మీద బాపు ఒప్పుకున్నాడు. వేషం పోయిందని అలిగిన దర్జీకి నా తండ్రి పాత్ర ఇచ్చారు.

మూడో అంకంలో నేను వాకిట్లోకి వచ్చి, పైకి చూసి, "నాన్నా, మబ్బు పట్టింది" అనాలి. నాటకమంతా ఆ మాట కోసమే నడుస్తుంది. చిక్కేమిటంటే, మా వైపు మబ్బు అంటే తెల్లవారకముందు ఉండే చీకటి. మబ్బుల లేచి కల్లాపి చల్లుతాం, అంతే. వాన తెచ్చేది మొగులు. మొగులైందంటే గొర్లను తోలుకురావాలి, ఆరేసినవి లోపల వెయ్యాలి.

"మొగులు అనకు బిడ్డా. ఆల్లు నవ్వుతరు" అని సారు రోజూ హెచ్చరించేవారు. నేను గొర్ల వెంట తిరుగుతూ మబ్బు, మబ్బు అని వల్లె వేశాను. గొర్లు ఏమీ అనుకోలేదు.

ఆటనాడు ముందు కుర్చీల్లో ఇంజనీర్లు, వాళ్ల ఆడవాళ్లు కూర్చున్నారు. పెట్రోమాక్సు దీపాలు నా కళ్లలోకే కొడుతుంటే కుర్చీల అవతల ఏముందో కనపడలేదు. సారు తెర పక్కన నిలబడ్డారు. మూడో అంకంలో నేను వచ్చాను, పైకి చూశాను. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. చేను గట్టు మీంచి మా ఊళ్లో పిల్లలు తండ్రిని పిలిచినట్టే అరిచాను.

"నాయినా, మొగులైంది!"

"మొగుడా? ఎవడమ్మాయ్ వాడు?" అన్నాడు ముందు వరుసలో ఒకాయన. కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి. పాపం దర్జీ తన మాటలు మరిచిపోయి నన్నే చూస్తూ నిలబడ్డాడు. నాటకం ఎట్లాగో ముగిసింది.

తర్వాత పెద్ద ఆఫీసరు తెర వెనక్కి వచ్చాడు. "పిల్ల బానే చేసింది మాస్టారూ. ఆ మోటు భాషే కాస్త దిద్దించండి" అన్నాడు. సారు రెండు చేతులూ జోడించారు. "పొరపాటైందండి. పల్లెటూరి పిల్లండి. ఇంకోసారి జరగదండి" అన్నారు. ఆ 'అండి' ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఒంటి మీద ఓణీ జారిపోయినా నాకు అంత సిగ్గయ్యేది కాదు. బాపుకు నేను ఏమీ చెప్పలేదు.

తర్వాత కసితో నాలుక దిద్దుకున్నాను. హైదరాబాదులో రేడియో నాటకాలు, చాలా ఏళ్లకు టీవీ నాటకాలు. పదహారేళ్ల పల్లె పిల్ల గొంతు కావాలంటే నన్నే పిలిచేవారు. ఏ పల్లెలోనూ పుట్టని తెలుగు మాట్లాడి పేరు తెచ్చుకున్నాను. బాపు పోయిన రోజు పరామర్శకు వచ్చినవాళ్లతో కూడా అదే తెలుగులో మాట్లాడాను. చూపు పోయిన మా అవ్వ, కన్నతల్లి, నా గొంతు విని, "గీమె ఎవలు?" అని పక్కవాళ్లను అడిగింది. సారు కనపడినప్పుడల్లా "రేడియోల ఇన్న బిడ్డా" అనేవారు. బాగుందని మాత్రం అనేవారు కాదు. నాకు కష్టంగానే ఉండేది.

పోయిన ఎండకాలం చూడబోతే, మంచంలో కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నారు.

"గా దినం యాదున్నదా?" అన్నారు ఉన్నట్టుండి.

"ఎట్ల మరుస్త సారూ!"

"నువ్వు ముందటోళ్లనే జూసినవు. నేను తెర పక్కపొంటి ఎనుకటోళ్లను గూడ జూసిన. జూసి గూడ చేతులు జోడిచ్చిన. మొగులు జూసి ముంతల నీళ్లు ఒలకబోసుకున్నోన్ని బిడ్డా నేను."

వెనక ఏం జరిగిందో అప్పుడు చెప్పారు. అంతా విని, "ఇన్నేండ్లు ఎందుకు జెప్పలే?" అన్నాను.

"సిగ్గు" అన్నారు.

కుర్చీల వెనక, నేల మీద, రాళ్లు మోసే కూలీజనం కూర్చున్నారట. అంతా మా నల్లగొండ, పాలమూరు వాళ్లే. నేను అరిచినప్పుడు వాళ్లలో ఒక్కరూ నవ్వలేదట. అందరూ ఒక్కసారిగా తలలెత్తి పైకి చూశారట. పైన నిండా చుక్కలే. అయినా ఒక తల్లి, చంకలో పిల్లనెత్తుకుని, ఆరబెట్టిన పిడకలు తడుస్తాయని గుడిసెల వైపు ఉరికిందట.