ఇద్దరు వ్రాయసకాళ్లు

"ఆయనతో వాదించకు" అని మా హెడ్ లైబ్రేరియన్ నాకు ముందే చెప్పింది. "పెద్దవాడు. తన పెట్టెలన్నీ మన లైబ్రరీకి ఇస్తున్నాడు. రాసింది రాసినట్టు టైప్ చెయ్యి, చాలు."

రాసింది రాసినట్టు టైప్ చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు, రాసింది నిజమైతే.

ఎనభైల మొదట్లో మాట. మేము అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అక్కడికి పావుగంట డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న ఊరి లైబ్రరీలో వారానికి మూడు రోజులు నా పని. తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దాలి, ఉత్తరాలు టైప్ చెయ్యాలి. నా తెలుగు ఎం.ఏ.ని అప్లికేషన్‌లో "ఇతర వివరాలు" అన్న గడిలో రాయమన్నారు. రాశాను. దాన్ని ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది.

పెద్దాయన ఇంగ్లండ్‌లో ఏదో జిల్లా పట్టణంవాడు. తాతల ఆస్తి ఉంది కనక జీవితంలో ఒక్కరోజూ ఉద్యోగం చెయ్యలేదు. నలభై ఏళ్లు పాత రాతలు పోగుచేశాడు. చర్చి రిజిస్టర్లు, తోలు మీద రాసిన భూమి పత్రాలు, ఎవరో సన్యాసులు బంగారు రంగు పూసి రాసుకున్న ప్రార్థనలు. భార్య పోయాక ఈ ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి పదకొండు ట్రంకు పెట్టెలతో వచ్చేశాడు. జూలై ఎండలో కూడా వెయిస్ట్‌కోటు విప్పేవాడు కాదు. తమ పట్టణంలోని పురాతత్వ సంఘం గురించి పార్లమెంటు గురించి చెప్పినట్టు చెప్పేవాడు. అయితే లాటిన్ మాత్రం ఆయనకు మంచినీళ్లప్రాయం. అది నేను ఒప్పుకుని తీరాలి.

ఆ పెట్టెల్లో మంచివి ఏరి లైబ్రరీవాళ్లు ప్రదర్శన పెడుతున్నారు. దాంతోపాటు ఒక చిన్న పుస్తకం. అందులో ఆయన వ్యాసాలు. చివరి వ్యాసం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

అది ఒక తాళపత్ర గ్రంథం గురించి. ఇండియాలో జడ్జీగా చేసి వెళ్లిన ఒకాయన సామాన్ల వేలంలో దొరికిందట. తెలుగు చదవడం రాకపోయినా "దక్షిణ భారత స్తోత్రాలు" అని పేరు పెట్టాడు. ప్రతి ఆకు మీదా ముందువైపు రాత తిన్నగా, వెనకవైపు తలకిందులుగా ఉండటం గమనించాడు. దాన్నుంచి ఒక సిద్ధాంతం లేవదీశాడు. గురువూ శిష్యుడూ ఎదురెదురుగా కూర్చుని, ఆకు మధ్యలో పెట్టుకుని, ఒక వైపు ఒకరు, రెండో వైపు ఒకరు రాశారట. బొమ్మ కూడా గీశాడు. శిష్యుడికి పిలక. ఇరవై ఏళ్ల కిందట తమ సంఘంలో ఇది చదివితే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. జీవితం మొత్తంలో తాను సొంతంగా కనిపెట్టింది ఇదొక్కటేనని వ్యాసం మొదట్లోనే రాసుకున్నాడు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను.

"పోనిద్దూ, ఎవరు చదువుతారు దాన్ని?"

"టైప్ చేసేదాన్ని నేను. నేను చదువుతాను."

"ఆర్గ్యూ చేసి ఈ జాబ్ కూడా పోగొట్టుకుంటావా? ఫ్రైడే ప్రింటర్‌కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత నీకు టెన్షన్ ఉండదు."

"ఫ్రైడే తర్వాత ఆ పిలకవాడు శాశ్వతంగా అచ్చులో ఉంటాడండీ."

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

గురువారం పొద్దున్నే లైబ్రరీ వెనక గదిలోకి వెళ్లాను. పెద్దాయన ముందు బల్ల మీద ఆ ఆకుల కట్ట ఉంది. తాడు ఎప్పుడో తీసేశాడు.

"మీరు ఆకు ఎలా తిప్పుతారో ఒకసారి చూపించండి" అన్నాను.

కుడి కొస పట్టుకుని పుస్తకంలో పేజీలా ఎడమకి తిప్పాడు. అక్షరాలు తలకిందులయ్యాయి. "చూశారా, శిష్యుడు" అన్నాడు సంతోషంగా.

"శిష్యుడు లేడు. ఇటివ్వండి."

కింది అంచు పట్టుకుని, పైకి, నాకు దూరంగా తిప్పాను. తాడుకి గుచ్చిన ఆకుల్ని అలాగే తిప్పుతారు. ఎం.ఏ.లో ఆరు నెలలపాటు మా చేత ఆ పని చేయించారు. అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి. ఎడమవైపు చిల్లు ఎడమవైపే ఉంది.

ఆయన ఆకు తీసుకుని తనూ అలాగే రెండుసార్లు తిప్పి చూశాడు. "చేతిరాతలో తేడా కనిపిస్తోందే" అన్నాడు చివరికి.

"మీకు కావాలి కాబట్టి కనిపిస్తోంది. పైగా ఇవి స్తోత్రాలు కావు, పశువుల వైద్యం. ఎద్దుకి కడుపు ఉబ్బితే ఏం పట్టించాలో రాశాడు. ముందువైపు వెల్లుల్లి అన్న మాట సగం రాసేసరికి ఆకు అయిపోయింది. మిగతా సగం వెనకవైపు ఉంది. ఒక్క వెల్లుల్లిని గురువూ శిష్యుడూ చెరిసగం రాసుకున్నారంటారా?"

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. ఆయన వెయిస్ట్‌కోటు గుండీ ఒకటి విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇరవై ఏళ్లు" అన్నాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు కానీ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"చివరి ఆకు చదవండి" అన్నాడు.

చదివి చెప్పాను. మన పాత ప్రతుల్లో ఉండే రివాజే. తాను రాసినదాంట్లో తప్పులుంటే మన్నించి, దిద్దుకుని చదువుకోమని వ్రాయసకాడు పెద్దలను వేడుకున్నాడు.

"ఇలా అందరూ రాస్తారా?"

"బాగా రాసేవాళ్లు కూడా రాస్తారు."

"మా సంఘంలో ఒక్కడూ రాయలేదు" అన్నాడు.

పెన్ను తీసి వ్యాసం మీద అడ్డంగా గీత కొట్టాడు. బొమ్మ మీద కొట్టే ముందు కొంచెం ఆగాడు, కొట్టాడు. వెనకవైపు ఖాళీలో కొత్తది మొదలుపెట్టాడు: ఒక భారతీయ మహిళ చెప్పిన ప్రకారం.

"భారతీయ మహిళలు కోట్లమంది ఉన్నారు" అన్నాను. "ఇది చదివింది నేను. ఈ లైబ్రరీలో పనిచేసే తెలుగు పండితురాలు అని రాయండి."

"పండితురాలా?"

"నా అప్లికేషన్ తీసి చూసుకోండి."

హెడ్ లైబ్రేరియన్ నిజంగానే తీసి చూసింది. శుక్రవారం ప్రింటర్‌కి అరపేజీ వ్యాసం వెళ్లింది. అందులో వ్రాయసకాడు ఒక్కడే, పండితురాలు ఒకతె.

ప్రదర్శన రోజున ఆయన చేతిలో తాటాకంత పొడుగు అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్లందరికీ తిప్పి చూపించాడు: పుస్తకంలా కాదు, కింది అంచు పట్టుకోవాలి, మీకు దూరంగా పైకి. అదంతా తనకే తోచినట్టు చెబుతున్నాడు. నేను వెనకనుంచి "నేర్పింది నేను" అని మూడుసార్లు అన్నాను. నాలుగో గుంపు వచ్చినప్పుడు, నేను నోరు తెరవకముందే, నావైపు చెయ్యి చూపించి తనే చెప్పాడు.