మడమకు కట్టిన వెల్లుల్లి

రాయపూర్ చూడాలన్న కోరికతో నేను బయలుదేరలేదు. మా అన్నయ్య ప్రకాశం వెల్లుల్లిని నమ్ముకుని మాత్రలు మానేశాడని వదిన ఫోన్ చేస్తే బయలుదేరాను.

"రెండు నెలలైంది సుగుణా. షుగర్‌వీ బీపీవీ దవాయిలన్నీ బంద్ చేసేశారు. అడిగితే కోపం. నువ్వు నర్సువి కదా, నీ మాటైనా వింటారేమో," అంది.

ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అంతకాలంలో మా అన్నయ్య నా మాట విన్న దాఖలా ఒక్కటీ లేదు. అయినా డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున్న ఆరుంబావుకి విజయనగరంలో రాయపూర్ బండెక్కాను. టికెట్టు ముందురోజే దొరికింది. పార్వతీపురంలో ఇడ్లీ తిన్నాను. అవి చల్లారిపోయి ఉన్నాయి. మీరు వెళ్లేటట్టయితే ఇంటి నుంచే పులిహోర కట్టుకోండి.

రాయగడలో ఎదురు సీట్లోకి ఒకాయన వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, రాయపూర్ పక్కన ఉర్లాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడట. నేను వెళ్లే కారణం విని నొచ్చుకున్నాడు.

"ఎల్లిపాయను అట్ల తీసిపారెయ్యకుండ్రి మేడం. బీపీ, కొలెస్ట్రాల్, గ్యాస్, కీళ్లనొప్పి, అన్నిటికీ అదే దవా. నేను సుబే సుబే, పొద్దుగాల లేవంగనే, రెండు రెబ్బలు నములుత."

"బీపీ మాత్ర మానేశారా మరి?"

"లేదు, అది గూడ ఏస్కుంట. డాక్టర్ తిడతడు గద."

పని మాత్రది, పేరు ఎల్లిపాయది. ఇలాంటి భక్తులతో ఇబ్బంది లేదు. వెల్లుల్లి మీద నాకు పగా లేదు. దంచి వాడితే రక్తపోటు కాస్త తగ్గిస్తుందంటారు, ఉండొచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు దాన్ని మందులా తినేముందు డాక్టర్ని అడగాలి, అదీ నిజమే. కానీ అది సర్వరోగ నివారిణే అయితే ఆస్పత్రులకు తాళాలేసి, మమ్మల్ని ఇళ్లకుపోయి వడియాలు పెట్టుకోమనేవాళ్లు.

బండి నాలుగు గంటలకు రాయపూర్ చేరింది. వదిన ఆటోతో వచ్చింది. దేవేంద్ర నగర్‌లో వాళ్ల ఇల్లు రెండో అంతస్తు. మెట్లమీదే వాసన ఎదురొచ్చింది. లోపల బైబిలు పక్కన, టీవీ పక్కన, కిటికీ గట్టుమీద సీసాలే. తేనెలో వెల్లుల్లి, నూనెలో వెల్లుల్లి, నీళ్లలో వెల్లుల్లి. అన్నయ్య కుర్చీలో మహారాజులా కూర్చున్నాడు. రైల్వేలో గార్డుగా చేసిన మనిషి, ఇప్పటికీ తను జెండా ఊపందే ఏదీ కదలకూడదు. ఎడమ పాదానికి గుడ్డ కట్టి ఉంది.

"ఏమిటది?"

"మడమ దగ్గర తిమ్మిరి. నయా రాయపూర్‌లో వెల్లుల్లి వైద్యం చేసే గురూజీ వేసిన లేపం. రేపు ఆయనే విప్పాలి. నువ్వు ముట్టుకోకు."

పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషి కాలు అది. లాక్కుని విప్పేద్దామనుకున్నాను. వదిన కళ్లతోనే వద్దంది. నేను విప్పితే ఆయన ఇంకో గుడ్డ కడతాడని ఆమెకు తెలుసు.

మర్నాడు తొమ్మిదిన్నరకు ముగ్గురం నయా రాయపూర్ బస్సెక్కాం. ముప్పావు గంట ప్రయాణం. అంత వెడల్పు రోడ్లు నేను ఎక్కడా చూడలేదు, వాటిమీద అంత తక్కువ మందినీ చూడలేదు. జనమంతా ఎక్కడున్నారో గురూజీ హాల్లోకి వెళ్లాక తెలిసింది. వంద కుర్చీలు నిండి, గోడ వెంట కూడా నిలబడ్డారు. గురూజీ నిగనిగలాడుతున్నాడు. ఆయన బల్లమీద టీ ఫ్లాస్కు, దాని వెనక కళ్లద్దాల పెట్టె, దాన్ని ఆనుకుని ఒక మాత్రల అట్ట. ఏం మాత్రలో చదవడానికి అంత దూరం నుంచి నా చూపు ఆనలేదు.

అన్నయ్య వంతు వచ్చింది. నేనూ వెంట వెళ్లాను. "ఈ ముద్ద ఎంతసేపు ఉంచాలి?" అని హిందీలో అడిగాను.

"మంట పుట్టేదాకా. మంట పుట్టిందంటే రోగం కదిలిందన్నమాట."

"ఈయన మడమకు స్పర్శ లేదు. మంట పుట్టినట్టు ఎలా తెలుస్తుంది?"

ఆయన నావైపు చూశాడు. అన్నయ్య కాలివైపు చూడలేదు. "తర్వాత ఎవరు?" అన్నాడు.

ఆ మాటకు అన్నయ్య ముఖం మారింది. బయట అరుగుమీద కూర్చోబెట్టి గుడ్డ విప్పాను. ఈసారి అడ్డు చెప్పలేదు. పచ్చి వెల్లుల్లి ముద్ద రెండు రోజులు ఉన్నచోట చర్మం కాలి, రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి, చుట్టూ ఎర్రగా వాచింది. అన్నయ్య వంగి చూసుకున్నాడు.

"నాకేం తెలియలేదే," అన్నాడు, చిన్న గొంతుతో.

ఆటోలో నేరుగా ఆస్పత్రికి వెళ్లాం. షుగరు మూడొందలు దాటింది. డాక్టరు పుండు శుభ్రం చేసి, ఇంకో వారం ఆగితే ఎముక దాకా పోయేదని చెప్పాడు. నేను తిట్టడానికి మాటలు కూర్చుకుంటూ బల్లమీద అన్నయ్య పక్కన కూర్చున్నాను. ముందు ఆయనే మాట్లాడాడు.

"మా జాన్ గుర్తున్నాడా? నాతోపాటు గార్డు. ఒక్క షుగర్ గోలీ తప్పలేదు వాడు. అయినా పోయిన వేసవిలో మోకాలి కింద కాలు తీసేశారు. మరి గోలీలు ఎందుకని డాక్టర్ని అడిగితే చీటీ రాసిచ్చాడు. నిన్ను అడుగుదామని ఫోన్ చేస్తే, మాత్రలు వేసుకున్నావా లేదా అని కసిరి పెట్టేశావు. ఆ గురూజీ మొదటిరోజు గంటసేపు కూర్చుని విన్నాడే సుగుణా. అందుకే వెళ్లాను."

ఆ ఫోన్ నాకు గుర్తుంది. అప్పుడు పొయ్యిమీద పాలున్నాయి. గురూజీ మీద నా ఏవగింపు ఇప్పటికీ ఇసుమంతైనా తగ్గలేదు. కాకపోతే అందులో కొంత వాటా నాకూ వచ్చింది.

ఇంకో పన్నెండు రోజులున్నాను. రోజూ కట్టు మార్చాను, మాత్రలు చేతికిచ్చాను. వాపు తగ్గి, పుండు అంచుల్లో కొత్త చర్మం కనిపించాకే టికెట్టు తీసుకున్నాను. సీసాలన్నీ వదిన కింద చెత్తకుండీలోకి పంపేసింది, ఒక్కటి తప్ప. అది పప్పు పోపుకు.

తిరుగు ప్రయాణంలో రాయపూర్ నుంచి మళ్లీ పగటి బండే. చలికాలమైతే ఊరు హాయిగా ఉంటుంది, వెళ్లండి. వైద్యం కోసమైతే గుంపున్న చోటికి కాకుండా, మీ కాలు విప్పి చూసే చోటికి వెళ్లండి. మహాసముంద్ దాటాక పక్కసీటు ముసలమ్మ నేను నర్సునని తెలుసుకుని మోకాలు చూపించింది. ఆముదం, ఆవాలు, ఏదో ఆకు, అన్నీ పట్టించిందట. నాకు నిద్ర ముంచుకొస్తోంది. అయినా కాస్త జరిగి కూర్చున్నాను.

"ఎప్పటి నుంచమ్మా ఈ నొప్పి?" అని అడిగాను.

రెండు గంటల పైచిలుకు, టిట్లాగఢ్ వచ్చేదాకా చెబుతూనే ఉంది.