అడగని ఏడో ప్రశ్న

రెండేళ్ల కిందటి వానాకాలం. బర్మాలోని యాంగోన్ నగరంలో, చౌక్తడా పేటలో ఒక పాత భవనం మూడో అంతస్తులో మా ఆఫీసు. పెద్ద పదవులకు తగిన మనుషుల్ని వెతికిపెట్టడం మా పని. దీన్ని ఎగ్జిక్యూటివ్ సెర్చ్ అంటారు. అప్పటిదాకా నేను హోటల్ మేనేజర్లనీ, బ్యాంకు అధికారులనీ వెతికాను. ఆ నెల మాత్రం ఒక చిన్న దీవి దేశం తన జైళ్లన్నిటినీ నడపడానికి చీఫ్ ఎగ్జిక్యూటివ్ కావాలంది.

అదే ఊళ్లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో పప్పుల కొట్టు నడిపే మా అమ్మకు ఈ సంగతి చెబితే తూకం ఆపేసింది.

"జైలుకి మేనేజరేటే? గిరాకీ పెరిగితే సంబరపడాలా, తగ్గితే సంబరపడాలా?"

నవ్వాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, జైలు బాగా నడుస్తోందని దేన్ని చూసి చెప్పాలి? అభ్యర్థులందరినీ అదే అడిగాను. చాలామంది గోడల గురించీ, కెమెరాల గురించీ చెప్పారు. మరో దేశంలో జైళ్ల డిప్యూటీ అధికారిగా ఉన్న తెరేసా మాత్రం, "వెళ్లినవాడు మళ్లీ రాకూడదు. కాపలావాడు ఇంటికెళ్లాక పిల్లలతో నవ్వుతూ మాట్లాడగలగాలి" అంది. నాకు ఆవిడ తెగ నచ్చేసింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. అప్పట్లో ఆవిడ చూసే ఒక జైలు నుంచి ఇద్దరు ఖైదీలు పారిపోయారని ఒక పాత వార్త కనిపించింది. నా ప్రశ్నల్లో అది ఏడోది. వీడియో ఇంటర్వ్యూలో ఆరో ప్రశ్న దగ్గర, ఆవిడ భర్త ఆ మధ్యే పోయాడని మాటల్లో తెలిసింది. అప్పుడు ఆ పారిపోయిన సంగతి ఎత్తడం బాగోదనిపించింది. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదనే జంకును బర్మీస్‌లో 'ఆనాదే' అంటారు. మనకు మొహమాటం ఉండనే ఉంది. రెండూ కలిసిన ఇంట్లో పెరిగినదాన్ని, ఏడు వదిలేసి ఎనిమిదికి వెళ్లిపోయాను.

క్లయింటుకు, అంటే ఆ దీవి దేశం వాళ్లకు, పంపే మా రిపోర్టులో డిస్‌క్లోజర్ అని ఒక గడి ఉంటుంది. తన మీదున్న మచ్చల గురించి అభ్యర్థి ఏం చెప్పారో అందులో రాయాలి. నేను 'ప్రస్తావించలేదు' అని రాశాను. అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

వారం తర్వాత మా బాస్ ఊ మ్యింట్ పిలిచాడు. "క్లయింటు ఆ పాత వార్త చూశారు. ఖైదీలు పారిపోయిన సంగతి దాచిందని తెరేసా పేరు కొట్టేయమంటున్నారు. తర్వాతి పేరు పంపు."

ఇంటికెళ్లేసరికి అమ్మ కనిపెట్టేసింది.

"ఏటే ఆ మొకం?"

చెప్పాను.

"నువ్వడిగినావా?"

"లేదమ్మా."

"అడక్కపోతే ఆవిడేటి సెప్తాది? నీ మొగమాటానికి ఆవిడ ఉద్దోగం పోవాలా? సిగ్గులేదేటే నీకు!"

మర్నాడు పొద్దున్నే తెరేసాకు ఫోన్ చేశాను. "మిమ్మల్ని అడగాల్సిందొకటి అడగలేదు. ఆ ఇద్దరూ ఎలా పారిపోయారు?"

ఆవిడ వెంటనే అందుకుంది. "మీరు అడుగుతారని చూశాను. అడగకుండా నేనే ఎత్తితే సాకులు చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను."

గేటు దగ్గర కాపలావాడు నిద్రపోయాడట. అందరూ అతన్ని తీసేయమన్నారు. ఆవిడ డ్యూటీ రోస్టర్, అంటే ఎవరికి ఏ షిఫ్టో రాసే కాగితం, తెప్పించి చూసింది. అతను వరసగా మూడు షిఫ్టులు చేశాడు.

"ఆ కాగితం మీద సంతకం నాది. విచారణలో అదే చెప్పాను. నా ప్రమోషన్ ఆగింది. అతని ఉద్యోగం నిలబడింది."

ఫోన్ పెట్టేశాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తను సంతకం చేసిన తప్పును ఆవిడ తన నెత్తినే వేసుకుంది. నేనేమో నా తప్పుకు సంతకం చేసి ఆవిడ నెత్తిన పెట్టాను.

క్లయింటుకు ఉత్తరం రాశాను: 'ఆ ప్రశ్న నేనే అడగలేదు. తప్పు నాది. తెరేసా ఏమీ దాచలేదు.' కింద రోస్టర్ సంగతంతా రాశాను.

ఊ మ్యింట్ రెండుసార్లు చదివాడు. "ఇది పంపితే మళ్లీ మనకు పని ఇస్తారా?"

"ఇవ్వకపోవచ్చు. ఆవిడకు అన్యాయం మాత్రం జరగదు."

"పంపు" అన్నాడు విసుగ్గా. "కింద నీ పేరొక్కటే పెట్టు."

పెట్టాను.

క్లయింటు తెరేసాను మళ్లీ పిలిచారు. గంటసేపు ఆ ఒక్క సంగతే అడిగారట. ఉద్యోగం ఆవిడకే వచ్చింది. మాకు మాత్రం ఆ దేశం నుంచి ఇంతవరకూ మరో పని రాలేదు. చేరిన వారానికి ఆవిడ రెండు ముక్కలు రాసింది: 'అన్ని జైళ్ల రోస్టర్లూ తెప్పించాను. ముందు అవే చూస్తున్నాను.'

అడగకుండా ఊరుకోవడం దయ అనుకునేదాన్ని. ఆ దయకు నష్టపోయేది ఎదుటి మనిషేనని ఆవిడ వల్ల తెలిసింది. ఇప్పుడు నా జాబితాలో, మచ్చల గురించి అడిగే ఆ ఏడో ప్రశ్న మొదటికి వచ్చింది. అడిగేముందు ఇప్పటికీ మొహమాటం అడ్డొస్తుంది. అయినా అడుగుతాను.