అడ్డుతెరకు కట్టిన వక్కలు

గుట్ట మీది పార్కుల, ఇరవై మందితోని పెండ్లి చేసుకుందామని నేనూ, నేను చేసుకోబోయే పిల్లగాడూ జాగ చూసేటందుకు మహబూబ్‌నగర్‌ల మన్ననూరు బస్సెక్కినం. వాళ్లమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "యాడన్న చేసుకోండ్రి గానీ, జీలకర్ర బెల్లం పెట్టేదాంక నడుమ అడ్డుతెర ఉండాలె. ముందుగాల మొఖాలు చూసుకున్నరో, నేను అక్షింతలెయ్య."

ముంగటి సీట్ల చీరెల మూటతోని కూసున్న ఒకామె మా ముచ్చటంత విన్నది.

"గుట్ట మీది గాలికి తెర నిలుస్తదా బిడ్డా?"

మాకు ఆ సోయే లేదు. ఆమె సంచిలకెల్లి వక్కలు తీసి, కొంగు రెండు మూలలకు ముడేసి, కిటికీకి అడ్డం పట్టింది. గాలి కొట్టినా కొంగు లేవలే.

"నేసెటోళ్లం గద. బరువు కడితే బట్ట మన మాట వింటది" అని వక్కలు విప్పి నా చేతుల పెట్టింది.

పెండ్లినాడు షామియానా ఎగిరింది, పంతులు కండువా ఎగిరింది. తెర మాత్రం కదలలే. దాని కింద ఆయన కాళ్లొక్కటే కనిపించినయి.

మూడేండ్ల సంది రోజూ చూసిన మొఖమే. తెర దించంగనే సిగ్గుతోని తలెత్తలేకపోయిన.