బుగ్గి రాసుకున్న చెయ్యి

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఉద్దానం పల్లెల ఆడవాళ్ళ చేతులు నల్లబడిపోయేవి. జీడిపిక్కలు కాల్చి కొట్టే రోజులవి. పచ్చిపిక్క పెంకులో నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే చర్మం పొక్కి, ఊడి, కింద ఎర్రటి పుండు తేలుతుంది. అందుకని పిక్క ముట్టుకునే ముందు పొయ్యిలో బూడిద తీసి చేతులకు దట్టంగా రాసుకోవాలి. బుగ్గి అంటాం మేము. అన్నం కలుపుకోవడం రాకముందే మా వైపు పిల్లలకు ఆ సంగతి తెలుసు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నూతి గట్టు దగ్గర కనకాంబరం నారు పెట్టుకున్నాను. మొదటి మొగ్గ కనబడిన మర్నాడు పక్కింటి పిన్ని మేకపిల్ల దూరి, అన్నిటినీ మోడు చేసి పోయింది. ఇంకా తల్లిపాలు తాగే పిల్ల అది. పిన్నికి మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఒక మేక, దానికి ఈ ఒక్క పిల్ల. దాన్ని ఒళ్ళో పెట్టుకునే అన్నం తినేది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేనొక పచ్చిపిక్కను రాయితో చితక్కొట్టాను. మేకపిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మూతి చుట్టూ, పెదవుల లోపల కూడా రాసేశాను. అది గింజుకుంది, అరిచింది. నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం వేసింది.

మర్నాటికి దాని మూతి వాచి తోలు ఊడింది. తల్లి పొదుగు దగ్గరకు పోవడం, నోరు పెట్టడం, అరుస్తూ వెనక్కి గెంతడం. పిన్ని చెంచాతో పోస్తే పాలు పక్కనుంచి కారిపోయేవి. ఏ పురుగు కుట్టిందోనని ఆవిడ ఏడ్చింది. మా నాయనమ్మ గోడ మీంచి చూసి, అది ఏం పుండో గుర్తుపట్టింది. ఇంట్లోకి వచ్చి నా రెండు చేతులూ తిప్పి చూసింది. ఒక్క పొక్కు లేదు.

"సేతికి బుగ్గి రాసుకున్నావేటే?"

"రాసుకున్నాను."

"మరి దాని మూతికి బుగ్గి రాసినావా?"

తెలియక చేశానని చెప్పుకునే దారి మూసుకుపోయింది. నాయనమ్మ ఒక పిక్క తెచ్చి పగలగొట్టి, నా గడ్డం పట్టుకుని, కింది పెదవికి రాసింది. అమ్మ అడ్డం వస్తే "నువ్వుండే" అని గదమాయించింది.

తెల్లారేసరికి నా పెదవి ముందుకు వేలాడుతోంది. "ఒలే, నీ మూతి పనసకాయైపోనాదే!" అని మా అన్న వీధంతా చాటాడు. ఆ పూట నాయనమ్మ కావాలనే ఎండుచేపల పులుసులో కారం ఎక్కువ వేసి నా ముందు పెట్టింది. ఒక్క మెతుకు తగిలితే ప్రాణం పోయినట్టుండేది.

"ఆకలేత్తందా? దానికీ ఏత్తంది," అంది. అంతే, లేచిపోయింది.

ఆ మర్నాడు మేకపిల్ల చచ్చిపోయింది. పిన్ని దాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతింది. పొదుగు గట్టిపడిన తల్లిమేక పొద్దంతా అరుస్తూనే ఉంది.

సాయంత్రం పిన్ని మా ఇంటికి వచ్చింది. చేతిలో గిన్నె, అందులో కాచి చల్లార్చిన మేకపాలు. పిక్కలు కొడుతూ నేనే పెదవి కాల్చుకున్నాననుకుంది పాపం. "ఈ గుంట రెండు దినాలుగా ఏటీ తిన్లేదంట గదా. నా గుంటదానికి ఇంక పాలక్కర్లేదు. ఇదైనా తాగనీ," అని నా తల ఒళ్ళో పెట్టుకుంది. పుండుకు తగలకుండా చెంచాను దవడ పక్కనుంచి పెట్టి పోసింది. మేకపిల్లకు పోసిన చెంచాయే. నాయనమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నిజం నా నోటితోనే రావాలని ఆవిడ పట్టు.

నాలుగో చెంచాకి చెప్పేశాను. "పిన్నీ, దాని మూతికి పిక్క నానే రాసినాను."

చెంచా ఆగిపోయింది. అందులోంచి రెండు చుక్కలు నా మెడ మీద పడ్డాయి. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ గిన్నె ఖాళీ అయ్యేదాకా అదే నెమ్మదితో పోసి, నా తలను ఒళ్ళోంచి కిందికి దించి వెళ్ళిపోయింది. పెదవి మానేవరకూ ప్రతి సాయంత్రం వచ్చింది, పోసింది, వెళ్ళింది. ఒక్క మాట లేదు. మానాక రావడం మానేసింది. బతికినన్నాళ్ళూ నన్ను మళ్ళీ పేరు పెట్టి పిలవలేదు. తన మేకల్ని ముట్టుకోనివ్వలేదు.

నాయనమ్మ చేసిన పని మంచిదని నేనిప్పటికీ అనను. దానివల్ల నాకు వచ్చింది భయమే. పిన్ని నన్ను క్షమించలేదు. అయినా నన్ను ఆకలితో ఉంచలేదు. ఆ రెండూ ఒక్క మనిషిలోనే ఉండగలవని నేను ఆవిడ ఒళ్ళో పడుకుని తెలుసుకున్నాను.

చాలా ఏళ్ళ తరవాత, పదేళ్ళపాటు నన్ను మాటలతో కాల్చిన మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. గంజి పోయడానికి ఆవిడ తల ఒళ్ళోకి తీసుకున్న రోజున నా కోపం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు కూడా ఉంది. అది పోయేదాకా ఆగుదామంటే ఆవిడ ఆకలితోనే పోయేవారు. చెంచాను దవడ పక్కనుంచి పెట్టి, నెమ్మదిగా, గిన్నె ఖాళీ అయ్యేదాకా పోశాను. నా చేతికి తెలిసిన పద్ధతి అదొక్కటే.