ఇసుక కింద నాన్న

ఆటలత్త గదికి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఆవిడ మొదట చెప్పే మాట ఒకటే. "ఇక్కడ నువ్వు ఆడింది, నువ్వన్నది, నిన్నడగకుండా ఎవరికీ చెప్పను. నీకేదైనా ప్రమాదం అనిపిస్తే మాత్రం చెప్తాను. అదీ ముందు నీకు చెప్పాకే." పందొమ్మిదేళ్ళుగా ఈ మాట ఇస్తోంది. నిలబెట్టుకుంటూనే వచ్చింది, ఒక్క పిల్ల విషయంలో తప్ప.

ఆవిడ చేసే పని చెబితే చాలామందికి నవ్వొస్తుంది. మనసులో ఏదో గుచ్చుకుని నోట మాట రాని పిల్లలకి ఆటతో నోరు తెరిపించడం ఆవిడ ఉద్యోగం. పెద్దవాళ్ళయితే డాక్టరు ముందు కూర్చుని కష్టం చెప్పుకుంటారు. ఆరేళ్ళ పిల్లని "నీ బాధేమిటమ్మా?" అనడిగితే ఏం చెబుతుంది, తన చెప్పుల వంక చూసుకుంటుంది. అదే పిల్ల చేతికి నాలుగు బొమ్మలిచ్చి పక్కన ఊరికే కూర్చుంటే ఇంట్లో గుట్టంతా బల్లమీద పరిచేస్తుంది. "పిల్లలతో ఆడుకుంటే జీతమా! మా రోజుల్లో వీపు పగలగొట్టేవారు" అని ఆవిడ అత్తగారు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటూ ఉంటుంది.

గది, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద. ఇరుకు మెట్లు. లోపల ఒక గోడంతా గూళ్ళు, గూళ్ళ నిండా బొమ్మలు: మనుషులు, కుక్కలు, పోలీసు జీపు, కాలు విరిగిన గుర్రం. ఆ గుర్రాన్ని పారెయ్యమని వచ్చిన పెద్దవాళ్ళంతా సలహా ఇస్తారు. పిల్లలు మొదట చెయ్యివేసేది దానిమీదే. మధ్యలో బల్లమీద ఇసుక పోసిన చెక్క పళ్ళెం. మీసాలు మొలుస్తున్న వయసువాళ్ళు దాన్ని చూసి మూతి తిప్పుతారు. పది నిమిషాలు పేక ఆడేసరికి వాళ్ళ వేళ్ళూ అందులోనే ఉంటాయి. పిల్లలు కట్టినదాన్ని వాళ్ళ కళ్ళెదుట ఆవిడ చెరపదు. వాళ్ళు వెళ్ళాక ఫొటో తీసి, వాళ్ళ ఆల్బమ్‌లో అంటించి, అప్పుడు చదును చేస్తుంది. ఆఖరిరోజున ఆల్బమ్ వాళ్ళ చేతికే ఇస్తుంది. బొమ్మలు మాత్రం గది దాటవు. ఏడ్చి మొత్తుకున్నా సరే. రేపొచ్చే పిల్లకి అవి అక్కడే ఉండాలి మరి.

మిడత ఆ గదికొచ్చేనాటికి ఎనిమిదేళ్ళు. మెట్లు రెండేసి చొప్పున గెంతుతుందని ఆటలత్త ముద్దుగా పెట్టుకున్న పేరది. నాన్న బస్సు డ్రైవరు, అమ్మ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఇద్దరూ విడిపోయి కోర్టుకెక్కారు. పిల్ల అమ్మ దగ్గర ఉంటుంది, శనివారాలు నాన్నతో. బడిలో నోరు విప్పడం మానేసిందని అమ్మే తీసుకొచ్చింది.

పిల్లని నిలబెట్టాలంటే ఇంటినీ పట్టుకోవాలి కదా, నెలకోసారి ఆ తల్లిని ఆటలత్త విడిగా కూర్చోబెట్టేది. తండ్రి కూడా రెండుసార్లు వచ్చి, టోపీ చేతుల్లో నలుపుకుంటూ కూర్చుని వెళ్ళాడు. తల్లి మాత్రం రెండో నెలకే "అక్కా" అని పిలవడం మొదలెట్టింది. ఆటలత్తకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపు ఆవిడకి నచ్చింది. అక్కడే మెత్తబడిపోయింది.

ఒక గురువారం మిడత ఇసుకలో ఇల్లు కట్టింది. చుట్టూ పోలీసు జీపునీ, నల్లకోటు బొమ్మనీ నిలబెట్టింది. ఇంటిపక్కన గొయ్యి తవ్వి, టోపీ బొమ్మని పడుకోబెట్టి, ఇసుక కప్పి, అరచేత్తో తట్టింది. టోపీ ఒక్కటే పైకి కనిపిస్తోంది.

"ఈయన కిందికెళ్ళిపోయాడే," అంది ఆటలత్త.

"ష్, గట్టిగా అనకు! నాన్నని దాచేశా. లేకపోతే వీళ్ళు తీసుకుపోతారు. వాళ్ళెళ్ళిపోయాక తీస్తా."

"మరి ఊపిరో?"

"టోపీ బయట పెట్టా కదా అత్తా," అంది మిడత, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

"ఇది అమ్మ చూస్తే బావుంటుందనిపిస్తోంది. చూపించనా?"

మిడత చాలాసేపు ఆలోచించింది. "అమ్మకి ఒక్కదానికే. దాచానని కూడా చెప్పు. లేకపోతే ఇంకేదో అనుకుంటుంది."

అలాగే చెప్పింది ఆటలత్త. ఆల్బమ్ తెరిచి చూపించి, దాచడమని చెప్పి, టోపీ ఎందుకు బయట ఉందో కూడా వివరించింది. తల్లి మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "కాస్త మంచినీళ్ళు అక్కా" అంది. ఆటలత్త పక్కగదిలోకి వెళ్ళి, గ్లాసు కడిగి, నీళ్ళు నింపి తెచ్చేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆల్బమ్ పెట్టినచోటే ఉంది.

మూడువారాలు గడిచాక తండ్రి వచ్చాడు, డ్యూటీ బట్టల్లోనే. కోర్టు కాగితాలు బల్లమీద పెట్టాడు. మధ్యలో ఆవిడ తీసిన ఫొటో ఉంది, ఆల్బమ్ అంచుతో సహా ఎవరో ఫోనులో తీసినట్టుగా. తండ్రి చచ్చిపోవాలని పిల్ల కోరుకుంటోంది, అతనంటే అంత భయం అని దాని కింద లాయరు రాశాడు. విచారణ తేలేదాకా శనివారాలు ఆపేశారు.

"ఒక్కమాట చెప్పండి మేడమ్. మా అమ్మాయి నిజంగా నన్ను పాతిపెట్టిందా?"

లేదు నాయనా, దాచుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మకి ఒక్కదానికే అంది పిల్ల. "నేను... ముందు అమ్మాయినడగాలండీ," అంది ఆటలత్త. ఎంత చేతకాని మాటో అంటున్నప్పుడే తెలిసింది ఆవిడకి. అతను ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, తను భయపడ్డ జవాబే దొరికిందనుకుని, కాగితాలు మడుచుకుని మెట్లు దిగిపోయాడు.

ఒళ్ళు మండిపోతుంటే ఆటలత్త మిడత తల్లికి ఫోన్ చేసింది.

"దాచుకుందని నీకు చెప్పానా, లేదా?"

"చెప్పావక్కా. నేనేం అబద్ధం ఆడలేదు. ఫొటో ఇచ్చా, అంతే. లాయరుకి అలా అనిపించింది. గురువారం పిల్లని పంపిస్తా. మళ్ళీ అలాంటిదేమైనా పెడితే చెప్పు," అంది.

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఆ రోజు ఏడుపంతా నటనే అయినా ఆటలత్త తట్టుకునేది. ఏడుపు నిజమే. ఏడుస్తూనే ఫోను బయటికి తీసింది. ఆ తల్లిని తిట్టుకుని తిట్టుకుని అలిసిపోయాక ఇంకో సంగతి మిగిలింది. అసలు ఇసుకని ఫొటో తీసిందెవరు? ఆల్బమ్ తెరిచిపెట్టి లేచిపోయిందెవరు? కంచే చేను మేసింది.

గురువారం మిడత మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది.

"నాన్న రావట్లేదు. నా ఇసుకవల్లేనట. అమ్మ ఫోన్లో అంటుంటే విన్నా."

"నీవల్ల కాదమ్మా. తప్పు నాది. నీ ఆల్బమ్ తెరిచి వదిలేసి వెళ్ళాను."

"ఎవరికీ చెప్పనన్నావు."

"అన్నాను."

సాకులు కావలసినన్ని ఉన్నాయి ఆవిడ దగ్గర. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"జడ్జిగారికి ఉత్తరం రాస్తాను. నాన్నని దాచావనీ, టోపీ ఎందుకు పైకి పెట్టావో కూడా. నాన్నకీ చెప్తాను. చెప్పనా?"

"అప్పుడూ ఇలాగే అడిగావు," అంది మిడత.

ఆటలత్త తల దించుకుంది. పిల్లల ముందు ఆవిడ తల దించుకోవడం అదే మొదటిసారి.

పిల్ల ఇసుక జోలికి పోలేదు. గూటి దగ్గరికెళ్ళి టోపీ బొమ్మని తీసి, మడతల్లో ఇరుక్కున్న ఇసుక దులిపి, బడిసంచీలో పుస్తకాల మధ్య పెట్టి, జిప్పు లాగింది.

"చెప్పు. నాన్న మాత్రం ఇక్కడుండడు. ఇక్కడ ఫొటోలు తీస్తారు."

బొమ్మలు గది దాటవన్న మాట ఆటలత్త గొంతులోనే ఉండిపోయింది. పిల్ల మెట్లు దిగుతుంటే వెనకనించి చూస్తూ నిలబడింది. జిప్పు పూర్తిగా వేసి లేదు. చివర రెండు వేళ్ళంత సందు వదిలింది, ఊపిరాడ్డానికి.

ఉత్తరం ఆ సాయంత్రమే వెళ్ళింది. శనివారాలు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. మిడత మాత్రం మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.